నీళ్ల రేటు పెంచిందెవరు?

సంగారెడ్డి పాత బస్టాండు వెనక, జిరాక్సు దుకాణం మీద ఉన్న ఒంటి గదిలో ప్రైవేటు డిటెక్టివ్ వనజ ఆఫీసు. బోర్డు మీద ‘పరిశోధనలు’ అని మాత్రమే రాయించింది. ఆ పుణ్యమా అని పొలం మట్టి పరీక్ష చేయించుకుందామని వచ్చేవాళ్లు కొందరు, కాలేజీ థీసిస్ రాసిపెట్టమని వచ్చేవాళ్లు కొందరు. వాళ్లందరికీ సర్దిచెప్పి పంపించే పని శ్రావణ్‌కుమార్‌ది. వనజ బీమా కంపెనీలో క్లెయిములు విచారించే రోజుల నుంచీ అతను ఆమె వెంటే ఉన్నాడు. ఆమె ఏం చేసినా అతనికి గొప్పగానే తోస్తుంది. ఆఖరికి టీలో ఉప్పు బిస్కెట్టు ముంచుకుని తినడం కూడా.

ఆ రోజు పొద్దున వచ్చిన అమ్మాయి మాత్రం సరైన చోటికే వచ్చింది. మెట్లెక్కి గుమ్మంలోనే ఆగిపోయింది. మెడలో ఆఫీసు కార్డు తీయడం కూడా మరిచిపోయినట్టుంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

“నా పేరు లక్ష్మీప్రసన్న అండి. మా నాన్న చేయని తప్పు ఒప్పుకున్నారు. రేపు స్టేషన్‌కి వెళ్లి సంతకం పెట్టేస్తానంటున్నారు. ఆయన్ని ఎలాగైనా ఆపాలండి.”

వనజ కుర్చీ చూపించింది. శ్రావణ్ మంచినీళ్లు ఇచ్చాడు. ఆ అమ్మాయి గ్లాసు వంక చూసి, తాగకుండా బల్ల మీద పెట్టేసింది.

తండ్రి పేరు నరసింహమూర్తి. భీమవరం వైపు నుంచి ఇక్కడి సర్కారు ఫ్యాక్టరీలో స్టోర్సు ఉద్యోగానికి వచ్చి, రిటైరయ్యాక గుమ్మడిదల రోడ్డు మీది ‘ఇంటింటి బజార్’కు మేనేజరుగా చేరాడు. చుట్టుపక్కల జిల్లాల్లో ఆ పేరుతో చాలా దుకాణాలున్నాయి. ముత్తంగిలో వాళ్ల పెద్ద గోదాము, దాని పై అంతస్తులో హెడ్డాఫీసు. లక్ష్మీప్రసన్న ఆ ఆఫీసులోనే ధరల విభాగంలో పనిచేస్తుంది.

కిందటి వారం ఆ దుకాణానికి దగ్గరి ఊళ్లో రసాయనాల ట్యాంకరు బోల్తాపడింది. బోర్ల నీళ్లు రంగు మారాయి. తాగొద్దని దండోరా వేశారు. ఊరంతా నీళ్ల క్యాన్ల కోసం ఇంటింటి బజార్‌కు పరుగెత్తింది. పొద్దున మామూలుగా ఉన్న క్యాను రేటు మధ్యాహ్నానికి మూడింతలైంది. రాజవ్వ అనే పెద్దావిడ ఆ రేటు చూసి ఒట్టి చేతులతో తిరిగిపోయింది. ఇంటికెళ్లి బోరు నీళ్లే తాగింది. మూడోనాడు ఆస్పత్రిలో ప్రాణం విడిచింది. ఆమె కొడుకు లింగం పోలీసులకు ఫిర్యాదు చేశాడు. ఆ మర్నాడే నరసింహమూర్తి, “లాభానికి ఆశపడి నేనే పెంచాను” అని ఒప్పుకున్నాడు.

“సంతలో ఆకుకూరల ఆవిడతో కూడా బేరమాడని మనిషండి ఆయన,” అంది లక్ష్మీప్రసన్న. “లాభం ఆయనకెందుకు? అది దుకాణానికి పోయేదే కదా?”

“మీ దగ్గర రేట్లు ఎవరు పెడ్తరమ్మా?” అని అడిగింది వనజ.

“మనుషులెవరూ పెట్టరండి. సిస్టమ్ పెడుతుంది. ఏ దుకాణంలో ఎంత సరుకుంది, ఎంత వేగంగా పోతోంది, పక్క దుకాణం వాడు ఎంతకి అమ్ముతున్నాడు, అన్నీ చూసుకుని అదే మార్చేస్తుంది. అరల మీద కాగితాలకి బదులు చిన్న తెరలుంటాయి. వాటిలో అంకె మారిపోతుంది. మేం వస్తువుల్ని గ్రూపుల్లో పెడతాం, అంతే. పోయిన నెల వేసవి సరుకుల పని గడువుకన్నా ముందే పూర్తిచేశానని మా సార్ అందరి ముందూ చప్పట్లు కొట్టించారు కూడా.” ఆ మాటతో ఆమె ముఖం ఒక్క క్షణం విప్పారి, మళ్లీ వాడిపోయింది. “మేనేజర్ల దగ్గర ఒక కోడ్ ఉంటుందండి. దాంతో చేత్తో కూడా మార్చొచ్చు. నాన్న అదే వాడానంటున్నారు.”

వనజ బిస్కెట్టు పక్కన పెట్టింది. “సూడమ్మా, నిజం దొరికితే మొత్తం చెప్త. సగం చెప్పి సగం దాచుడు నాతోని కాదు. అది ఎవరికి తగిలినా నీకు సరేనా?”

“ఎవరికైనా సరేనండి,” అంది ఆ అమ్మాయి, ఆలోచించకుండానే.

శ్రావణ్ ఆ మాటను చాలాకాలం మరిచిపోలేకపోయాడు.

*

లింగం ఇంటి ముందు ఇంకా టెంటు విప్పలేదు. అతను ఒక మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు, మిగిలిన వేళ మడి చూసుకుంటాడు. ప్లాస్టిక్ కుర్చీలు తుడిచి వేశాడు గాని, తను మాత్రం నేల మీదే కూర్చున్నాడు.

“ఆ దినం అవ్వ ఫోన్ చేసింది మేడం. ‘కొడుకా, నీళ్ల రేటు శాన ఉన్నది, నువ్వొచ్చేటప్పుడు పటాన్‌చెరుల తే’ అన్నది. సరేనన్న. గంతల మావోడొకడు రాలేదని డబుల్ డ్యూటీ చెయ్యమన్నరు. చేసిన. తేలేకపోయిన.” “రేటు పెంచినోన్ని వదల. గని నన్ను నేనేం జేసుకోవాలె?”

వనజ మెల్లగా, “మూర్తి సారు ఎట్లాంటోడు?” అని అడిగింది.

“గదే మేడం పరేషాన్. మంచోడే అనుకుంటిమి. పండుగలకు సరుకు తక్కువ పడితే మా ఊరోళ్లకని పక్కకు పెట్టి ఇచ్చెటోడు. మా అవ్వను రాజమ్మగారూ అని పిలుస్తుండె. అవ్వ నవ్వుకునేది, ‘నేనెప్పుడు గారునైన’ అని.”

ఆ మధ్యాహ్నం ఊరి పిల్లలెవరో ఆ అరను ఫోటో తీసి అందరికీ పంపారు. లింగం ఫోనులో ఉంది. క్యాను కింది చిన్న తెర మీద పెద్ద అంకె, మూలన చిన్న సూర్యుడి బొమ్మ. పక్క అరలో పాలపొడి డబ్బా, దాని తెర మూలన చిన్న తాళంకప్ప బొమ్మ. రెండు తెరలకూ తెల్లటి అంచులే. వనజ ఆ ఫోటోను పెద్దది చేసి, చిన్నది చేసి, తన ఫోనుకు పంపించుకుంది. శ్రావణ్ కూడా చూశాడు. అతనికి పాలపొడీ, నీళ్లూ తప్ప ఏమీ కనిపించలేదు.

అక్కడి నుంచి దుకాణానికి వెళ్లారు. ఏమీ కొనకుండా ఎవర్నీ ప్రశ్నలడగడం వనజకు చేతకాదు. ఒక సబ్బు పట్టుకుని బిల్లింగు కౌంటరు దగ్గరికి వెళ్లింది. అక్కడి అమ్మాయి పేరు స్నిగ్ధ.

“బిడ్డా, చేతితోని రేటు మార్చుడు ఎట్ల? జెర చూపిస్తవా?”

మూర్తి స్థానంలో వచ్చిన కొత్త మేనేజరు తన కోడ్ కొట్టి ఇవ్వడంతో స్నిగ్ధ సబ్బు రేటును ఒక రూపాయి తగ్గించి చూపించింది. అరలోని తెర చుట్టూ ఎర్రటి అంచు వచ్చింది. “మనిషి మారిస్తే గిట్ల ఎర్రగైతది మేడం. దుకాణం మూసేదాక పోదు.”

“రేటు పెరిగిన్నాడు మూర్తి సారు ఏం చేసిండు?”

“పొద్దుగాల్నే గోదాములకు పోయి శానసేపు క్యాన్లు సదిరిండు. అవి సాలవని వ్యాను తీస్కొని ముత్తంగికి పోయిండు, ఇంకిన్ని తేనీకి. రేటు పెరిగినప్పుడు సారు ఇక్కడ లేనే లేడు. సాయంత్రం వచ్చి చూసి, తలకాయ కొట్టుకుని, సారే చేత్తోని తగ్గిచ్చిండు. అప్పుడైంది ఎర్రగ.”

వెనక గదిలో ఒక మూల ‘పాడైనవి’ అని అట్టముక్క వేలాడుతోంది. దాని కింద పగిలిన సీసాలు, ఎలుకలు కొట్టిన పిండి సంచులు. వాటి వెనక, గోడకు ఆనించి నీళ్ల క్యాన్లు వరసగా ఉన్నాయి. ఒక్కదానికీ మూత మీది సీలు విప్పలేదు.

“ఇవి పాడైనయా?” అని అడిగాడు శ్రావణ్.

“సిస్టంల పాడైనట్టే ఉన్నయన్నా. హెడ్డాఫీసోళ్లు చెప్పేదాక ముట్టొద్దన్నరు.”

వనజ గోడకూ క్యాన్లకూ మధ్య సందులో ఒదిగి దూరి, ఫోను లైటు వేసుకుని చాలాసేపు అక్కడే ఉండిపోయింది. బయటికి వచ్చేసరికి జాకెట్టు చేతి మీద తెల్లటి సుద్దపొడి అంటి ఉంది. దారిలో టీ తాగుదామని ఆగారు. ఆమె టీ అలాగే చల్లారిపోయింది.

*

నరసింహమూర్తి అమీన్‌పూర్‌లో కూతురు కొన్న ఫ్లాటులో ఉంటున్నాడు. గడ్డం పెరిగింది, చొక్కా గుండీలు ఒకటి కిందికీ ఒకటి పైకీ పెట్టుకున్నాడు. ఆయన ముందు నిండు గ్లాసు ఉంది. “నీళ్లు గొంతు దిగట్లేదండీ ఆయనకి,” అంది భార్య బుల్లెమ్మ, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ.

“చేతితోని రేటు మార్చిన్నంటున్నరు గద సార్. మార్చినంక తెర ఎట్లయింది?” అని అడిగింది వనజ.

“ఎట్లా అవడమేంటండి? పెద్ద అంకె పడింది. అంతే.”

“ఇంకేం మారలే?”

“లేదమ్మా. తెల్లగానే ఉంది, ఆ ఫోటోలో లేదూ?” ఆయన గొంతు పెంచాడు. “నేను ఒప్పుకున్నాను కదా, ఇంకా ఎందుకీ ఆరాలు? మా అమ్మాయి చిన్నపిల్ల, ఏదో బెంగతో మీ దగ్గరికొచ్చింది. దాన్ని ఇందులోకి లాగకండి. మీకు దణ్ణం పెడతాను.”

నిజంగానే చేతులెత్తాడు. శ్రావణ్ తల పక్కకు తిప్పుకున్నాడు.

ముత్తంగి హెడ్డాఫీసులో ధరల విభాగం అధిపతి ప్రవీణ్‌కుమార్ వాళ్లకు ఏసీ గదిలో కాఫీ ఇప్పించాడు. మాట మెత్తన, ముఖం ఇస్త్రీ చేసినంత నున్నన.

“ఒకటి అర్థం చేసుకోండి మేడం. మేం ఎవరి రేటూ పెంచలేదు. క్యాను మీద అచ్చేసిన ఎమ్మార్పీ ఎప్పుడూ అంతే. రోజూ దాని మీద తగ్గించి ఇస్తాం. ఆరోజు ఆ తగ్గింపు పోయింది. చట్టప్రకారం అందులో తప్పు లేదు.”

“రాజవ్వకు గది ఎవరన్నా చెప్పిన్రా?”

ఆయన కాఫీ కప్పు సర్దుకున్నాడు. “చూడండి, మూర్తిగారే ఒప్పుకున్నారు. ఆ పెద్దావిడ పోయిన రోజు సాయంత్రం దాకా ఫోన్లో మమ్మల్ని దులిపేశారు, ఎవరు చేశారో చెప్పమని. మర్నాడు పొద్దున తనే చేశానన్నారు. మాకింకేం కావాలి?”

“ఆ సాయంత్రానికి, పొద్దుగాలకు నడుమ ఏమైంది?”

“నాకేం తెలుసు?” అన్నాడు ప్రవీణ్‌కుమార్, కాస్త తొందరగానే.

లేచేముందు వనజ ఒకే ప్రశ్న వేసింది. తెర మూలన సూర్యుడుంటే ఏంటి, తాళంకప్ప ఉంటే ఏంటి? తాళం నిత్యావసరాలకట. బియ్యం, పాలు, పప్పు, ఉప్పులాంటి వాటి రేటును సిస్టమ్ ముట్టుకోదు. సూర్యుడు వేసవి సరుకులకు. కూల్‌డ్రింకులు, సోడాలు, ఐస్‌క్రీములను అది ఇష్టమొచ్చినట్టు మార్చుకోవచ్చు.

మెట్లు దిగుతూ శ్రావణ్ ఆగిపోయాడు. “అక్కా, వేసవి సరుకులంటే...”

“ఎరుకైంది లే,” అంది వనజ. ఆమె గొంతులో గెలిచిన సంబరం లేదు. కేసు తేలాక ఆమె అలా ఉండటం శ్రావణ్ అంతకుముందు చూడలేదు.

*

మర్నాడు పొద్దున, స్టేషన్‌కు వెళ్లేముందు, దుకాణం వెనక గదిలో వనజ అందర్నీ కూర్చోబెట్టింది. నరసింహమూర్తి, స్నిగ్ధ ఇచ్చిన మంచినీళ్లు ముట్టకుండా, కూతురు పక్కన కూర్చున్నాడు. ప్రవీణ్‌కుమార్ మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. లింగం తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.

“మూర్తి సారు రేటు పెంచలే,” అంటూ మొదలుపెట్టింది వనజ. “మనిషి మారిస్తే తెర అంచు ఎర్రగైతది. లింగం ఫోటోల అంచు తెల్లగున్నది. ఆ వేళకు సారు ముత్తంగి గోదాముల ఉన్నడు. ఆ సాయంత్రం తనే చేత్తోని రేటు తగ్గిచ్చిండు. అప్పుడు వచ్చిన ఎర్ర అంచు కండ్లార చూసిండు. గని నేనడిగితే తెల్లగనే ఉండె అన్నడు. ఎందుకంటే ఆయన చెప్పింది ఫోటోల ఉన్నదానికి అతకాలె. ఆయన అబద్ధమాడిండు.”

“ఎందుకాడిండు?” అన్నాడు లింగం. “చెయ్యని తప్పు మీదేసుకుంటడా ఎవడన్నా?”

“వద్దమ్మా,” అన్నాడు నరసింహమూర్తి. “ఇక్కడితో ఆపెయ్యండి.”

వనజ ఆయన వంక చూడలేదు. “నీళ్ల క్యాను నిత్యావసరాలల్ల ఉండాలె. దాని తెర మీద తాళం ఉండాలె. ఫోటోల సూర్యుడున్నడు. అంటే ఎవరో దాన్ని వేసవి సరుకులల్ల కలిపిన్రు. తాళం ఊడింది అప్పుడే. రాజవ్వ పోయిన్నాడు సాయంత్రం మూర్తి సారు ఫోన్ల ఎవరు చేసిన్రని అడుగుతనే ఉన్నడు. ప్రవీణ్‌కుమార్ గారూ, మీరొక పేరు చెప్పిన్రు. చెప్పంగనే ఆయన నోరు పడిపోయింది. ఎవరి పేరది?”

ప్రవీణ్‌కుమార్ చూపు ఎటు పోయిందో అందరూ చూశారు.

లక్ష్మీప్రసన్నకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. “నేనా?” అంది. “పానీయాల అరలో ఉన్నవన్నీ ఒకేసారి ఎంచుకుని వేసవి గ్రూపులోకి మార్చేశానండి. సార్ త్వరగా కానిమ్మన్నారు. వందల వస్తువులు. అందులో క్యాను కూడా ఉందా?” తండ్రి వైపు తిరిగింది. “నాన్నా, నీకు తెలుసా?”

“తెలిస్తే ఏం లేమ్మా,” అన్నాడాయన. “నాదేముంది, అయిపోయిన బతుకు. నీకిప్పుడే మొదలు. ఓ సంతకంతో పోయేదాన్ని ఈవిడ...” కూతురి తల మీద చెయ్యి వేశాడు. ఆ అమ్మాయి ఆ చేతిని పట్టుకుని గుండెలు పగిలేలా ఏడ్చింది.

“ఇంక సగమున్నది,” అంది వనజ.

శ్రావణ్‌కు మొట్టమొదటిసారి ఆమె మీద కోపం వచ్చింది. ఇంకా ఏం మిగిలింది వీళ్లకు, చెప్పడానికి?

“తాళం ఊడినా నెల దినాలు రేటు కదల్లే. ఆ దినమే ఎందుకు ఎగిరింది? సార్, ఆ పొద్దుగాల మీరు ఈ క్యాన్లు పక్కకు పెట్టిన్రు. సిస్టంల ఏమని నొక్కిన్రు?”

నరసింహమూర్తి తడబడ్డాడు. “పక్కన పెట్టడానికి అందులో బటన్ లేదు కదండి. బయట ఉంచితే హోటళ్ల వాళ్లు ఆటోల్లో వేసుకుపోతున్నారు. బిల్లు కాకుండా ఆపాలంటే పాడైనట్టు నొక్కడం ఒక్కటే దారి. పండగలప్పుడూ అలాగే చేసేవాణ్ని. తర్వాత సరిచేసేవాణ్ని.”

“ఊరోళ్లకు పక్కకు పెట్టిన్రని దానికి ఎట్ల ఎరుక సార్? ఉన్నట్టుండి సరుకు సగం పాడైంది, కొనెటోళ్లు ఎగబడుతున్నరు. దానికి తెలిసింది గంతే. తాళం లేదు. తగ్గింపు తీసేసింది.”

కూతురి తప్పును తన మీద వేసుకున్న మనిషికి ఇప్పుడు తనదంటూ ఒకటి దొరికింది. అది ఆయన చేసిన మంచి పనిలోంచే వచ్చింది. ఆ ముఖం చూడటం శ్రావణ్ వల్ల కాలేదు.

“ఇది మీకు గూడ ఎరుకే ప్రవీణ్‌కుమార్ గారూ,” అంది వనజ. “సిస్టంల ఏ బటన్ ఎప్పుడు నొక్కిన్రో మీ కండ్ల ముందల్నే ఉంటది. మేనేజర్‌ది తప్పంటే ఒక్కడు పోతడు. సిస్టంది తప్పంటే అన్ని దుకాణాలు ఆపాలె. అందుకే అబద్ధమని తెలిసీ ఊకున్నరు. ఈ మాట నేను స్టేషన్ల గూడ చెప్త.”

ప్రవీణ్‌కుమార్ లాయరుతో మాట్లాడాలంటూ ఫోను పట్టుకుని బయటికి నడిచాడు. లక్ష్మీప్రసన్న మెడలోని కార్డు తీసి ఒళ్లో పెట్టుకుంది. “స్టేషన్‌కి నేనొస్తానండి. నాన్న కాదు,” అంది.

లింగం మాత్రం ఇంకా తలుపు దగ్గరే ఉన్నాడు. “ఊరోళ్లకని పక్కకు పెట్టిండా?” అని అడిగాడు. “ఎవలెవలికి?”

వనజ శ్రావణ్‌కు సైగ చేసింది. ఇద్దరూ కలిసి ముందున్న పగిలిన సీసాలనూ పిండి సంచులనూ జరిపి, గోడవైపు వరస చివర ఉన్న క్యానును ఇటు తిప్పారు. దాని మీద సుద్దముక్కతో, గుండ్రటి అక్షరాలతో ‘రాజమ్మగారు’ అని రాసి ఉంది.

సగం దాస్తే ఏం దాగి ఉండేదో శ్రావణ్‌కు అప్పుడు తెలిసింది. అతని కోపం ఎటు పోయిందో పోయింది.

“అందరికన్నా ముందు ఆవిడకే రాశాను బాబూ,” అన్నాడు నరసింహమూర్తి. “మోయలేదని, నేనే ఇంటికి పంపిద్దామనుకున్నా. ఇంకొన్ని తెస్తే ఊరందరికీ సరిపోతాయని గోదాముకెళ్లాను. ఎవరికీ చెప్పి వెళ్లలేదు. తిరిగొచ్చి పంపించేలోపే ఆవిణ్ని ఆస్పత్రికి తీసుకెళ్లారన్నారు.”

“అవ్వ అడగలే సారూ,” అన్నాడు లింగం. “రేటు చూసి మర్లొచ్చింది. అడిగితే స్నిగ్ధనన్నా వెనక చూసేది. గామె బతుకంత ఎవల్ని ఏం అడగలే. నన్ను గూడ గా ఒక్కపారే అడిగింది.”

అతను క్యాను ముందు గొంతుకూర్చున్నాడు. తల్లి పేరు మీద వేలు పెట్టాడు. సుద్ద వేలికి అంటుకుని, మొదటి అక్షరం కాస్త చెరిగింది. కాలినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

లక్ష్మీప్రసన్న అతని పక్కకు వచ్చి నేల మీద కూలబడింది. లింగం ఆమెను తిట్టలేదు, ఓదార్చలేదు. “నీ నాయిన నీకోసం జైలుకు పోతనన్నడు,” అన్నాడు. “నీళ్లు తాగమని చెప్పు ఆయనకు.”

తర్వాత లేచి క్యానును ఎత్తుకున్నాడు. మూత సీలు విప్పని ఆ నీళ్లను మోసుకుంటూ, ఎండలోకి, ఊరి దారిన నడిచాడు. పేరున్న వైపు చొక్కాకు రాసుకోకుండా బయటికి తిప్పి పట్టుకున్నాడు.